గులాబీ అంచు విసనకర్ర

"సంతకం పెడితే ఉద్యోగం ఒక్కటే పోతుంది. పెట్టకపోతే జైలు. ఐదింటిదాకా టైమిచ్చాను. ఇప్పుడు నాలుగూ ఐదు," అన్నాడు భుజంగరావు, చేతి గడియారం విప్పి పద్మకుమారికి కనిపించేలా బల్ల మీద పెడుతూ.

పద్మకుమారి గడియారం వంక చూడలేదు. తన ముందున్న కాగితం వంకా చూడలేదు. బ్యాంకు డబ్బు ఎనభై నాలుగు వేలు తన తప్పు వల్లే పోయిందని ఆ కాగితం మీద టైపు కొట్టి ఉంది. కింద సంతకం చోటు మాత్రం ఖాళీ.

"పెట్టను సార్. జైలంటే జైలే. చెయ్యని పని చేశానని నా చేత్తో నేను రాసివ్వను."

"ఈ డిటెక్టివమ్మగారు నేర్పిన మాటలా ఇవి?"

ఛాయాదేవి ఆ మాట పట్టించుకోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ చేతిలో హ్యాండుబ్యాగు లేదు, టిఫిను క్యారియరు ఉంది. పొద్దున ఏడింటికి పద్మకుమారి తల్లి బంగారమ్మ జంషెడ్‌పూర్‌లో ఆ చివరనున్న అగ్రికో నుంచి ఈ చివరనున్న సోనారికి ఆటోలో వచ్చి, "మా గుంటని జైల్లో ఎట్టేత్తారట తల్లీ" అంటూ ఈవిడ వాకిట్లో కూలబడింది. పిల్ల నిన్నటినుంచి ఏమీ తినలేదని తెలిసి, ఛాయాదేవి ముందు పులిహోర కలిపి క్యారియరు సర్దింది. ఆ తర్వాతే కేసు సంగతి అడిగింది. నలభై ఆరేళ్ళ మనిషి. ఖరగ్‌పూర్ తారాఫీసులో పద్దెనిమిదేళ్ళు టెలిప్రింటరు ఆపరేటరుగా చేసి, మానేసి, ఇప్పుడు ప్రైవేటు దర్యాప్తులు చేస్తోంది.

"ముందు నువ్వు తినమ్మా," అంది క్యారియరు విప్పి పద్మకుమారి ముందు పెట్టి. తర్వాత భుజంగరావు వైపు తిరిగింది. "మీరు టైముల వారీగా చెప్పండి. నేను రాసుకుంటాను."

"మీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు. నేను విశాఖపట్నం హెడ్డాఫీసు విజిలెన్సు ఆఫీసర్ని."

"నన్ను ఐదింటిదాకా ఉండనిస్తానని జానకిరామ్ గారు ఒప్పుకున్నారు. మేనేజరు కలకత్తాలో ఉన్నారు కనుక ఈవేళ ఈ శాఖకి పెద్ద ఆయనే."

పక్కన నిలబడ్డ అకౌంటెంటు జానకిరామ్ కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నాడు. మహేంద్రగిరి బ్యాంకు బిష్టుపూర్ శాఖలో ఇరవై ఏళ్ళుగా చేస్తున్న ఆ మనిషికి పై ఆఫీసరు కనిపిస్తే సగం మాటలు గొంతులోనే ఉండిపోతాయి.

"సరే రాసుకోండి," అన్నాడు భుజంగరావు. "మంగళవారం, ఏప్రిల్ ఒకటి. కూర్మారావు అనే ఆసామికి ఎనభై నాలుగు వేలు విశాఖపట్నం శాఖలో ముట్టాలి. పదకొండూ నలభైకి ఈ అమ్మాయి టెలెక్సు మీద టీటీ, అంటే డబ్బు చెల్లించమనే తంతి, పంపింది. వరుస నంబరు నలభై ఒకటి. సగంలో లైను తెగింది."

"తెగినప్పుడు ఏం చెయ్యాలి పద్మా?"

పద్మకుమారి ముద్ద మింగింది. "సగం వచ్చిన మెసేజికి అవతలివాళ్ళు డబ్బు ఇవ్వకూడదండి. మనం మళ్ళీ లైను పట్టుకుని అదే మెసేజీ, అదే నంబరుతో, పైన రిపీట్ అని కొట్టి పంపాలి. రిపీట్ అని ఉంటేనే ఇది పాతదేనని, రెండోసారి ఇవ్వక్కర్లేదని వాళ్ళకి తెలుస్తాది. నేను అలాగే పంపేను. పదకొండూ యాభై రెండుకి. అవతలి మిషను దాని పేరు కొట్టి అందినట్టు జవాబిచ్చింది. బస్, అంతే."

"అంతే అయితే బాగానే ఉండేది," అన్నాడు భుజంగరావు. "మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఇంకో మెసేజీ వెళ్ళింది. అదే కూర్మారావు, అదే ఎనభై నాలుగు వేలు. కాని నంబరు నలభై రెండు. రిపీట్ అన్న మాట లేదు. టెస్టు నంబరు సరిగ్గా సరిపోయింది. విశాఖపట్నం వాళ్ళు రెండో టీటీ అనుకుని మళ్ళీ ఇచ్చారు. కూర్మారావు రెండూ పుచ్చుకుని మాయమైపోయాడు. ఆ మిషను ముట్టుకునేది ఈ శాఖలో ఈ అమ్మాయి ఒక్కతే."

"ఒంటిగంటా ఇరవైకి నేను వెనక వరండాలో అన్నం తింటన్నాను. పోలమ్మ చూసింది."

"తుడిచే మనిషి సాక్ష్యమా!" భుజంగరావు పెద్దగా నవ్వాడు.

ఛాయాదేవి పెన్సిలు ఆపింది. "డబ్బు పోయిన సంగతి విశాఖపట్నంలో ముందు ఎవరు కనిపెట్టారు?"

"నేను. అది చాలు మీకు."

"టెస్టు నంబరు ఎవరు వేస్తారు?"

"నేనండి," అన్నాడు జానకిరామ్ మెల్లగా. "రహస్య పట్టీ ఉంటుంది. తారీఖుకి ఒక అంకె, మొత్తానికి ఒకటి, వరుస నంబరుకి ఒకటి. కూడితే వచ్చేది టెస్టు నంబరు. అవతల వాళ్ళ దగ్గరా అదే పట్టీ. వాళ్ళూ కూడి చూసుకుంటారు. కలవకపోతే పైసా కదలదు."

"నలభై రెండుకి మీరు వేశారా?"

జానకిరామ్ నోరు తెరిచాడు. భుజంగరావు దగ్గాడు. జానకిరామ్ నోరు మూతపడింది.

"ఆయన వెయ్యలేదు," అన్నాడు భుజంగరావు. "ఈ అమ్మాయే పట్టీ దొంగచాటుగా చూసి వేసుకుంది. ఇంకా ఏమైనా ఉందా?"

"టెలెక్సు గది చూడాలి."

"అక్కడ చూడ్డానికి ఏముంది? ఒక మిషను, దానికో గులాబీ కాగితం చుట్ట. నిన్న పొద్దున రైలు దిగి నేరుగా వచ్చి ఆ గదికి సీలు వేయించాను. నేనే లోపల అడుగు పెట్టలేదు, మీరు పెడతారా?"

"మీరు పెట్టలేదు కనుకే నేను పెట్టాలి," అని ఛాయాదేవి లేచింది. "సాక్షి లేకుండా నేరం ఒప్పుకోమంటున్నారు. చూడకుండా సీలు వేశామంటున్నారు. రేపు కోర్టులో నేను ఈ రెండు మాటలే అడుగుతాను. అక్కడ జవాబు చెప్పుకుంటారా, ఇక్కడ తలుపు తీయిస్తారా?"

భుజంగరావు గడియారం తీసి చేతికి పెట్టుకున్నాడు. "తియ్యవయ్యా జానకిరామ్. ఆవిడ సరదా తీరనీ."

నాలుగూ ఇరవైకి సీలు తెగింది.

చిన్న గది. ఒకే తలుపు. గోడకి ఆనుకుని టెలెక్సు మిషను, దాని పక్కనే టేపుకి చిల్లులు పొడిచే పెట్టె. ఆ పెట్టెకి తగిలించి ఉన్న కాగితం చుట్ట పసుపుపచ్చగా, దాదాపు కొత్తగా ఉంది. ఛాయాదేవి దాన్ని వేలితో ఒకసారి తిప్పి చూసి, ఏదో అనబోయి, ఊరుకుంది.

"చెప్పు పద్మా. మెసేజీ ఎలా పంపుతావు? నాకు తెలిసినా నువ్వే చెప్పు, వీళ్ళు వినాలి."

"ముందు లైను లేకుండానే కొడతానండి. ఒక్కో అక్షరానికి టేపు మీద ఒక్కో రకం చిల్లులు పడతాయి. అంతా అయ్యేక లైను కలిపి ఈ టేపు మిషనుకి ఎక్కిస్తే, గడగడా అదే చదివి పంపేస్తాది. లైను తెగితే అదే టేపు మళ్ళీ ఎక్కించడమే."

"పని అయిపోయిన టేపు?"

"బుట్టలోకి."

బుట్ట ఖాళీగా ఉంది. తుడిచినంత శుభ్రంగా ఉంది. భుజంగరావు గుమ్మంలోనే నిలబడి నవ్వాడు. "చెత్త ఎక్కడికి పోతుందో కూడా విజిలెన్సు చూసుకోవాలి కాబోలు."

ఛాయాదేవి అలమరలోంచి స్టేషనరీ రిజిస్టరు తీసింది. మంగళవారం నాటి గీత మీద వేలు ఆనించి పైకి చదివింది. "పదీ పదిహేను. గులాబీ చుట్టలు ఆఖరు. పసుపు చుట్ట మొదలు. కింద పద్మకుమారి సంతకం, పక్కన జానకిరామ్ గారి పొట్టి సంతకం. మరి సోమవారం?"

"సోమవారం నేను సెలవండి. అమ్మకి కళ్ళ పరీక్ష. అంతకుముందు మూడు నెలలూ గులాబీ చుట్టలే. మంగళవారం రాగానే చూస్తే చుట్ట అయిపోవచ్చింది. చిల్లులు లేని మిగులు ముక్క పోలమ్మకిచ్చేసి కొత్తది ఎక్కించేను."

అంతలో పోలమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. యాభై దాటిన మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు. పుట్టుకతో వచ్చిన హక్కులాగా ఆఫీసర్ల మధ్యనుంచి దారి చేసుకుని లోపలికొచ్చి, పద్మకుమారి చేతిలో గ్లాసు పెట్టి, కొంగులోంచి విసనకర్ర తీసి విసరడం మొదలుపెట్టింది.

"ఏటే గుంటా, మొకం అలా పీక్కుపోనాది? తాగు. బేగి తాగు. ఈ బాబులకేటి, సాయంత్రం దాకా అరుత్తారు, ఆనక బండెక్కి పోతారు."

గాలి ఛాయాదేవి చెంపకి తగిలింది. ఆవిడ తల తిప్పింది. పసుపుపచ్చ కాగితపు పేటలు అడ్డంగా నిలువుగా అల్లిన విసనకర్ర. చుట్టూ ఒక్క గులాబీ రంగు అంచు. మధ్యలో అంతటా, అంచులోనూ, సన్నని గుండ్రటి చిల్లులు.

"పోలమ్మా, అది ఒకసారి ఇలా ఇస్తావా?"

"తీసుకో తల్లీ. నచ్చితే ఉంచేసుకో. ఈ కాయితం నూనె కాయితం, సిరగదు. మా బస్తీలో కరెంటేదీ? ఏసంకాలమంతా ఇయ్యే. మా గుంటడు పోలరాజు డూటీకి కూడా ఒకటి తీసుకెల్తాడు."

"ఇది ఎప్పుడు అల్లేవు?"

"బుదారం. మంగళారం బుట్టలో కాయితమే ఇదంతా. పసుపు సానా ఉంది. చిల్లులున్న గులాబీ ఒకటే ముక్క దొరికింది. అంచుకి బాగుంటాదని ఏసినాను. ఏమ్మా, తప్పేటి? పారేసిందే కదా!"

"తప్పు లేదు పోలమ్మా. ఈ బ్యాంకులో ఏ కాగితం ఎక్కడికి పోతుందో తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే."

ఛాయాదేవి తలలోంచి పిన్ను తీసి అంచు ముడి విప్పింది. గులాబీ పేట మూరన్నర పొడవున జారి చేతిలో పడింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకోలేదు. బొటనవేలి కింద నుంచి టేపుని మెల్లగా లాగుతూ పోయింది. పద్దెనిమిదేళ్ళు రోజూ చదివిన భాష, వేలు మర్చిపోలేదు. నాలుగంగుళాలు లాగేసరికి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"పద్మా, ఇది నువ్వు కొట్టిన టేపేనా?"

పద్మకుమారి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. ఒక్క క్షణంలో ముఖం చిట్లించుకుంది. "ఛీ! ఇదేటి మేడమ్, ప్రతి నాలుగక్షరాలకీ ఒక దిద్దుబాటు! నాకు ఒక్క తప్పు పడితే టేపు మొత్తం చింపేసి మళ్ళీ కొడతాను. ఇలాంటిది నా మిషను మీద ఎక్కనివ్వను."

"దిద్దుబాటంటే?" అన్నాడు భుజంగరావు.

"తప్పు అక్షరం పడితే టేపుని వెనక్కి జరిపి, దాని మీదే అయిదు చిల్లులూ పొడిచేస్తారు," అంది ఛాయాదేవి. "అయిదు చిల్లులున్న చోటుని మిషను అచ్చువెయ్యదు, దాటిపోతుంది. పేజీ మీద చూస్తే మెసేజీ కడిగిన ముత్యంలా ఉంటుంది. టేపు చూస్తే మాత్రం ఒంటివేలితో వెతుక్కుంటూ కొట్టినవాడి చెమట కనిపిస్తుంది. నడుపు పద్మా. ఇందులో ఏముందో అందరం చదువుదాం."

వంగి ఆ పిల్ల చెవిలో ఇంకో నాలుగు ముక్కలు చెప్పింది.

పద్మకుమారి ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. మిషను గుర్రుమంది. ఆమె వేళ్ళు ముందు డయలు మీద, తర్వాత మీటల మీద చకచకా పరిగెత్తాయి. గులాబీ టేపుని పంటి చక్రం మీద ఎక్కించింది. మిషను దానంతట అది కొట్టుకుపోయింది. ఛాయాదేవి పేజీ పైభాగాన్ని అరచేత్తో నొక్కి పట్టుకుని, కింది గీతల్ని చదివింది. వరుస నంబరు నలభై రెండు. తారీఖు ఏప్రిల్ ఒకటి. కూర్మారావు. ఎనభై నాలుగు వేలు. చివర నాలుగంకెల టెస్టు నంబరు.

"ఇదే కదండీ దొంగ మెసేజీ?"

"ఇదే," అన్నాడు భుజంగరావు. "దొరికినందుకు సంతోషం. అమ్మాయి చేసిందనడానికి ఇంకో సాక్ష్యం."

"రంగు చూడండి. మంగళవారం పదీ పదిహేనుకి గులాబీ చుట్ట ఈ గదిలోంచి పోలమ్మ కొంగులోకి పోయింది. ఆ రోజు పద్మ కొట్టిన ప్రతి టేపూ పసుపే. మీరు దీన్ని లైను తెగాక, మధ్యాహ్నం, ఈ పిల్ల కొట్టిందన్నారు. ఇది గులాబీ. అంటే చుట్ట మార్చకముందే కొట్టింది. పద్మ లేని సోమవారం నాడు. అప్పటికి ఏ లైనూ తెగలేదు."

మిషను ఇంకా గుర్రుమంటూనే ఉంది.

భుజంగరావు తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. గిరుక్కున అకౌంటెంటు వైపు తిరిగాడు. "సోమవారం మిషను ఎవరి చేతిలో ఉంది? నీ చేతిలో కదూ జానకిరామ్! పట్టీ నీ దగ్గర, మిషను నీ దగ్గర. ఈ ఆడపిల్ల మీదికి తోసి నువ్వు హాయిగా కూర్చున్నావా? ఆ కాగితం ఇలా తే. పేరు మార్పిస్తాను."

జానకిరామ్ వెనక్కి జరిగాడు. గోడకి చెయ్యి ఆనించాడు.

"తొందరపడకండి," అంది ఛాయాదేవి. "జానకిరామ్ గారూ, ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త పట్టీ కదా? అది ఎలా వస్తుంది?"

"సీలు కవర్లో... హెడ్డాఫీసు నుంచి... మూడు నెలలకొకసారి."

"ఎప్పుడు విప్పారు?"

"మంగళవారం పదిన్నరకి. మేనేజరు గారూ నేనూ కలిసి. రిజిస్టర్లో రాశాం. కవరు కూడా ఉంది."

"పదీ పదిహేనుకి గులాబీ టేపు పోయింది. పదిన్నరకి కవరు తెరిచారు. కాని గులాబీ టేపు మీద కొత్త పట్టీ ప్రకారం వేసిన టెస్టు నంబరు ఉంది. విశాఖపట్నం వాళ్ళు కూడి చూసుకుని డబ్బిచ్చారు కదా, అంటే సరైనదే. సోమవారం నాడు ఈ శాఖలో ఎవరికీ తెలియని అంకె అది. పద్మకి తెలియదు, జానకిరామ్ గారికి తెలియదు, మేనేజరుకీ తెలియదు. మరి ఎవరికి తెలుసు?"

జానకిరామ్ పక్కగది బీరువాలోంచి కవరు తెచ్చి ఇచ్చాడు. దాని అంచు మీద, లక్క ముద్ర పక్కన, పంపినవారి సంతకం ఉంది. ఛాయాదేవి దాన్ని భుజంగరావు ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి సార్. టైపు కొట్టడం ఒక్కటే మీకు రాదు."

అప్పటిదాకా గొంతులో ఇరుక్కున్న మాట జానకిరామ్ నోటినుంచి ఒక్కసారిగా ఊడిపడింది. "మీరే కదా సార్! సోమవారం ఆరింటికి వచ్చారు. రహస్య తనిఖీ అన్నారు. విశాఖపట్నం వాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తున్నారో లేదో పరీక్షించాలన్నారు. రేపు కూర్మారావు టీటీ నలభై ఒకటిగా వెళ్తుంది, ఇది నలభై రెండు అంటూ టేపు మీరే కొట్టి నా చేతికిచ్చారు. రేపు పద్మ అన్నానికి వెళ్ళినప్పుడు నడుపు, వాళ్ళు పట్టుకుంటే సరేసరి, లేకపోతే డబ్బు కదలకుండా నేను ఆపుతానన్నారు. ఎవరికైనా చెబితే ఉద్యోగం పోతుందని కాగితం మీద ప్రమాణం కూడా రాయించుకున్నారు!" అతను పద్మకుమారి వైపు చూడలేకపోయాడు. "నిన్నటినుంచి చెబుదామనే అనుకుంటున్నానమ్మా. ధైర్యం చాల్లేదు."

"నన్ను జైలుకి పంపడానికైతే ధైర్యం చాలిందా సార్?" అంది పద్మకుమారి తల తిప్పకుండా.

భుజంగరావు గదిలోకి వచ్చాడు. పోలమ్మని భుజం పట్టుకుని బయటికి నెట్టి, తలుపు మూసి, గెడ వేశాడు. తీరిగ్గా జేబులోంచి సిగరెట్ లైటరు తీశాడు.

"వీడి మాట ఎవడు నమ్ముతాడు? నేను నిన్న గురువారం వచ్చాను. రైలు టికెట్టు ఉంది. సోమవారం నేనిక్కడ ఉన్నానని ఒక్క సాక్ష్యం చూపించు ఛాయాదేవీ."

ఇంతసేపూ ఉన్న గారు ఎగిరిపోయింది.

"మీరే చెప్పారు. ఈ గదిలో గులాబీ కాగితం చుట్ట ఉందన్నారు. మంగళవారం నుంచి ఉన్నది పసుపు. గురువారం వచ్చి, గదిలో అడుగు పెట్టకుండా సీలు వేసినవాడికి గులాబీ ఎలా తెలిసింది?"

భుజంగరావు ఒక్క క్షణం పసుపు చుట్ట వంక చూశాడు. తర్వాత భుజాలు ఎగరేశాడు. "నోరు జారిన ఒక్క మాట. కోర్టులో అది నిలవదు. నిలిచేది టేపు ఒక్కటే."

చెయ్యి చాపి పంటి చక్రం మీంచి గులాబీ టేపుని లాక్కున్నాడు. లైటరు టిక్కుమంది. నూనె కాగితం చటుక్కున అంటుకుని, మెలికలు తిరిగి, నల్లగా రాలిపోయింది. జానకిరామ్ అయ్యో అన్నాడు. ఛాయాదేవి కదల్లేదు. ఆవిడ చూపు మిషను మూల వెలుగుతున్న చిన్న పచ్చదీపం మీద ఉంది.

"అయిపోయింది," అన్నాడు భుజంగరావు చేతులు దులుపుకుని. "నాలుగూ యాభై. ఇప్పుడు పెట్టు సంతకం."

"అయిపోలేదు సార్," అంది పద్మకుమారి. కుర్చీలోంచి లేచి, మిషనుకి అడ్డంగా నిలబడింది. "మీకు మిషను సంగతి తెలీదు. ఆ దీపం వెలిగిందంటే లైను కలిసున్నట్టు. ఇందాక మేడమ్ చదివిన మెసేజీ ఇక్కడొక్కచోటే అచ్చవలేదు. విశాఖపట్నం హెడ్డాఫీసులో కూడా అచ్చయింది. పైన రిపీట్ అని కొట్టేను. దీనికి డబ్బు ఇవ్వొద్దు, పాతదే మళ్ళీ పంపుతున్నామని కొట్టేను. రూల్ ప్రకారమే కొట్టేను సార్. మీరు ఇక్కడున్నారని కూడా రాసేను. అవతలి మిషను అందిందని జవాబిచ్చింది."

ఛాయాదేవి అరచెయ్యి తీసింది. పేజీ పైభాగంలో ఆ నాలుగు గీతలూ స్పష్టంగా ఉన్నాయి.

భుజంగరావు పేజీ మీదికి వంగాడు. అతను ఇంకా ఆ గీతలు చదువుతుండగానే మిషను మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఈసారి మీటల మీద ఎవరి చెయ్యీ లేదు. పద్మకుమారి పక్కకి తిరిగి, వస్తున్న అక్షరాల్ని వస్తున్నట్టే తెలుగులో చెప్పసాగింది.

"మీ రిపీట్ అందింది. రెండుసార్లు చెల్లించినట్టు ఇక్కడ ఇంతవరకు ఎవరికీ తెలియదు. ఇప్పుడే చూశాం, నిజమే. భుజంగరావు శనివారం నుంచి సొంత పని మీద సెలవులో ఉన్నారు. జంషెడ్‌పూర్‌కి మేం ఏ ఆఫీసరునీ పంపలేదు. మీ దగ్గర ఉన్నది ఎవ—"

భుజంగరావు ఆమెని తోసుకుని వెళ్ళి గోడలోంచి తీగ పీకేశాడు. దీపం ఆరింది. మిషను సగం మాట దగ్గర మూగబోయింది.

గది చిన్నది. తలుపు ఒక్కటే. గెడ అతని వెనకాల ఉంది. పీకిన తీగని అతను రెండు చేతుల మధ్యా బిగించి పట్టుకున్నాడు. ఛాయాదేవి పద్మకుమారిని పక్కకి లాగి తను ముందుకి వచ్చింది. చేతికి దొరికింది పోలమ్మ విసనకర్ర ఒక్కటే.

"ఆ పేజీ ఇటివ్వండి," అన్నాడు. గొంతు మారిపోయింది. "ముగ్గురూ వినండి. మీరేమీ చదవలేదు."

"లైను తెగిందండీ," అంది ఛాయాదేవి. "తెగితే ఏం చెయ్యాలో మీ బ్యాంకులో రూలుందిగా. చెప్పు పద్మా."

పద్మకుమారి పేజీని మడిచి జాకెట్టులో దోపుకుంది. "మెసేజీ మధ్యలో తెగితే, పంపినవాళ్ళు ఒక్క నిమిషం చూసి, ఎస్టీడీ ఫోను చేసి ఎందుకు తెగిందో కనుక్కోవాలి. తప్పులు జరక్కుండా విజిలెన్సువాళ్ళు పెట్టిన రూలే సార్. కింద మీ సంతకమే ఉంటాది."

జానకిరామ్ తలుపు వైపు ఒక్క అడుగు వేశాడు. భుజంగరావు తీగ పట్టిన చెయ్యి పైకెత్తాడు. జానకిరామ్ ఆగాడు. మెడ తుడుచుకున్నాడు. మళ్ళీ ఇంకో అడుగు వేశాడు.

బయట, మేనేజరు గదిలో ఫోను మోగింది.

ఒకసారి. రెండుసార్లు. నాలుగుసార్లు. సాయంత్రం కనుక హాల్లో స్టాఫు ఎవరూ లేరు. భుజంగరావు పెదవుల మీద మెల్లగా నవ్వు మొలిచింది. "ఎవరెత్తుతారు?"

అయిదోసారి మోగుతూ ఆగిపోయింది. రిసీవరు బల్లకి తగిలిన చప్పుడైంది. ఆ తర్వాత, ఇరవై ఏళ్ళలో ఆ ఫోను మీద దుమ్ము తుడవడం తప్ప ఎత్తి ఎరగని మనిషి గొంతు హాలంతా మారుమోగింది. తలుపు అవతలినుంచి ప్రతి మాటా ఖణేల్‌మని వినిపించింది.

"అలో! నాను పోలమ్మనండి. తుడిసే పోలమ్మని. ఏటి? గట్టిగా సెప్పండి... ఎవులున్నారనా? బుజంగరావు బాబున్నారండి. మిసను గదిలో గెడేసేసుకుని లోపలున్నారు. ఆడోళ్ళిద్దరూ, అకౌంటు బాబూ కూడా లోపలే... ఆఁ, ఆరేనండి, కల్లజోడు బాబు. ఎరక్కేటి! సోమారం సందేళ కూడా ఒచ్చినారు కదండీ. ఆ గది తాళం నానే తీసినాను. మరి నన్నెవులూ అడగలేదు!"